నిలబడి చెప్పుకునే జబ్బులు

ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళకు జబ్బులు రావని ఊర్లల్లో ఒక నమ్మకం ఉండాది. వస్తాయి, యాడికి పోతాయి. కాకపోతే మాకు వచ్చేవన్నీ నిలబడి చెప్పుకునే జబ్బులే. తలనొప్పి, కడుపుబ్బరం, నడుములు పట్టేసేది, కాళ్ళ తిమ్మిరి. చేతిలో ట్రే పట్టుకోని పోతాండంగా వరండాలో డాక్టరు ఎదురొస్తాడు. సార్, తల పగిలిపోతాంది అంటాం. ఆయన నడుస్తానే ఒక మాత్ర పేరు చెప్పి పోతాడు, కాంపౌండరు డబ్బాలోనుంచి తీసిస్తాడు. ఓపీ చీటీ తీసుకునేది లేదు, లైన్లో నిలబడేది లేదు. స్టాఫ్ గదా, అదొక మర్యాద. లైన్లో నిలబడినామంటే మా విలువ మేమే తీసుకున్నట్టు.

పండుకోని చూపించుకునే జబ్బు మాత్రం మాలో ఎవురికీ రాగూడదు. వచ్చినా రానట్టే ఉండాల. రేపు పొద్దున్నే ఆ డాక్టరు చేతికే గ్లౌజులు అందియ్యాల గదా, ఏ ముఖం పెట్టుకోని అందిస్తాం? రిటైరయ్యేదాకా ఈ ఉద్యోగమే చేసినా. ఒళ్ళు అరిగిపోయింది, నోరు మాత్రం అరగలే. అందుకే చెప్తాండా.

డెబ్బైల చివర్లో నర్సు ట్రైనింగు ముగించుకోని, సోమందేపల్లె కాడ పెద్దరోడ్డుకు లోపలుండే ఒక హెల్త్ సెంటర్లో చేరినా. మా నాయనది శనక్కాయ సేద్యం. గవర్నమెంటు ఉద్యోగమమ్మా, వాన పడినా పడకపోయినా నీకు అన్నం పుడతాది అని పంపించినాడు. వాన పడకపోతే నా పని రెండింతలవుతాదని ఆయనకు తెలీదు, నాకూ తెలీదు. కరువు పనుల్లో మట్టి మోసే ఆడోళ్ళ కాడికి పోయి, ఆ ఎండలోనే పిల్లోళ్ళకు సూదులు వెయ్యాల. ట్యాంకరు రాని దినం బోరింగు కాడ నిలబడి నీళ్ళు కొట్టుకోవాల. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కేసులు తెమ్మని పైనుంచి తిట్లు. సందకాడ గదికొచ్చి చెప్పులు ఇప్పితే కాళ్ళు నావి కానట్టుండె.

నేను చేరేటప్పటికే ఆడ ఒక సీనియర్ సిస్టరు ఉండె. గుత్తి ఆమె. వాళ్ళ నాయన రైల్వేలో గ్యాంగ్‌మన్, క్రైస్తవులు. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు. ఊర్లో అందరూ సిస్టరమ్మ అంటాండ్రి, నేను అక్కా అంటాంటి. క్వార్టర్సు పేరుకే, ఉండేది ఒకే గది, ఒకే స్టవ్వు. ఆమె సంగటి కెలికితే నేను ఊరుబిండి నూరుతాంటి. మాట కరుకు, చెయ్యి మెత్తన. బిడ్డ అడ్డం తిరిగిన కాన్పుకాడ ఆమె తిట్టే తిట్లు వింటే భయమేస్తాది గాని, ఆ చెయ్యి కడుపు మీద పడితే నొప్పులు పడే ఆడది గమ్మున ఊపిరి తీసుకుంటాది. నాకు పని నేర్పింది ట్రైనింగు స్కూలు కాదు, ఈమె.

ఎనభైల మొదట్లో టౌన్నుంచి ఒక డాక్టరమ్మ నెలకొకసారి మా సెంటరుకు వచ్చేది మొదలుపెట్టింది. ఆడోళ్ళ రొమ్ములు చేత్తో తడిమి చూసి, గడ్డ ఉంటే బెంగుళూరు పెద్దాసుపత్రికి పంపించేది ఆమె పని. ఆడోళ్ళను పిల్చుకోని వచ్చేది మా పని. చెప్పేకి సులువే. ఇంటింటికీ తిరిగి, రొమ్ములో శనక్కాయ గింజంత గడ్డ తగిలినా చెప్పండమ్మా, ముందుగా దొరికితే బతుకుతారు, నొప్పి పుట్టేదాకా ఉంటే రాచపుండు, అదే క్యాన్సరు, అయితాది అని గొంతు పోయేదాకా చెప్తాంటిమి. వాళ్ళు వింటారు, తలాడిస్తారు, రారు. నొప్పి లేందానికి ఆసుపత్రి ఎందుకంటారు. ఒకామె కూలి పోతాదంటాది, ఇంకొకామె మొగునికి చెప్పేకి సిగ్గంటాది. ఒక ముసలామె అయితే నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఊరందరికీ చెప్తాండావు, ముందు నువ్వు చూపిచ్చుకుంటివా అని అడిగింది. శకునం చెప్పే బల్లి కుడితిలో పడినట్టు నేను నోరు మూసుకున్నా. మాకెందుకు, మేము దాంట్లోనే ఉండేటోళ్ళం గదా అని మనసులో అనుకున్నా. స్టాఫ్ అందరం అదే అనుకుంటాంటిమి.

ఆ ముసలామె అడిగింది అక్కకు చెప్పినా. అక్క సూదుల పెట్టె సర్దుకుంటా వినింది. కడాకు, అయితే నేనే ముందు పోతాలే అనింది.

అదొక పద్ధతి అయిపోయింది. సెంటర్లో ఉండే తెల్ల దుప్పటి ఒక కొన కిటికీ కమ్మీకి, ఇంకొక కొన బరువు చూసే మిషను కొక్కేనికి కట్టి దాన్ని పరదా అంటాంటిమి. క్యాంపు మొదలయ్యే ముందర, ఆడోళ్ళంతా చూస్తాండంగా, అక్క పరదా లోపలికి పోతాది. కొంచేపటికి రవిక హుక్కులు పెట్టుకుంటా, కొంగు సర్దుకుంటా బయటికొస్తాది. నన్ను చూసినారు, ఏమీ లేదు, ఇంతే పని, లెయ్యండి అంటాది. సిస్టరమ్మే పండుకునిందంటే మనకేముందిలే అని ఒకరెనక ఒకరు లేస్తారు. నెలనెలా ఇదే. ఆమె బయటికొచ్చి ఏమీ లేదు అన్నాకే లైను కదిలేది. అలసిపోయిన నా కండ్లకు అది శానా గొప్పగా కనపడుతాండె. నాకు చేతకానిది ఆమె చేస్తాంది అనుకుంటాంటి.

అట్ల వచ్చినోళ్ళల్లో ఒకామె మగ్గాలామె. ఇంట్లో పట్టుచీరల మగ్గం, మొగుడు నేస్తాడు, ఈమె కండెలు చుడతాది. ఆమె రొమ్ములో గడ్డ దొరికింది. బెంగుళూరు పోవాలంటే, పోను అనింది. పండగ ముందర మగ్గం ఆపేకి కాదు, నేను చస్తే చస్తా అని మొండికేసింది. అక్క ఊరుకుంటాదా? సూదుల పెట్టె పక్కనపెట్టి వాళ్ళ ఇంటి గడపలో కూర్చునింది. తిట్టింది, బెదిరించింది, వాళ్ళ మొగునితో కొట్లాడింది. దేనికీ వంగలే. అప్పుడు అక్క లేసి, "నువ్వు పండుకో. నేను నీ తలకాడ నిలబడుకోనుంటా. కత్తి నీ మీద పడేదాకా చెయ్యి ఇడవను" అనింది.

అట్లనే చేసింది. సెలవు పెట్టి బెంగుళూరు పోయి, ఆపరేషన్ గది వాకిలి దాకా చెయ్యి పట్టుకోని పోయింది. మగ్గాలామె ఒక రొమ్ము పోగొట్టుకోని బతికొచ్చింది. వచ్చినప్పట్నుంచి ప్రతి క్యాంపుకు ముందుగానే వచ్చి వాకిట్లో కూర్చుంటాది. వెనక్కి పోతాండే ఆడోళ్ళను కొంగు పట్టి లాగుతాది. మాకు జీతమిచ్చేది గవర్నమెంటు, ఆమెకు ఇచ్చేది ఎవురూ లేరు. మా అందరికంటే ఆమె నోరే పెద్దది.

ఒకసారి క్యాంపు అయిపోయినాక బోరింగు కాడ నేను బిందె పెడతాంటే మగ్గాలామె వచ్చి నిలబడింది. నీళ్ళకు రాలే. ఆ పొద్దు డాక్టరమ్మకు టీ ఇచ్చేకి ఈమె ముందుగానే పరదా లోపలికి పోయిందంట. డాక్టరమ్మ అటు తిరిగి చేతులు కడుక్కుంటాందంట. అక్క లోపలికొచ్చి, దూది సర్ది, బల్ల మీద దుప్పటి పరిచి, పైన హుక్కు ఒకటి ఇప్పి, మళ్ళా పెట్టుకుంటా బయటికి పోయిందంట. ఏమీ లేదు అని లైన్లో చెప్పేది ఈమెకు లోపలికి వినపడిందంట.

"ఆమెను ఎవురూ చూడలేదమ్మా. ఒక్క నెల గూడా చూసిండరు" అనింది మగ్గాలామె.

నాకు కోపమొచ్చింది. నీకెందుకమ్మా ఆ సంగతి, ఆమె స్టాఫ్, ఎప్పుడన్నా చూపిచ్చుకునుంటాది అని కసురుకున్నా. బిందె నిండి పొర్లిపోతాంటే గూడా చూడలే. గదికి నడుస్తాండంగా ఆలోచన చేస్తే లెక్క తెలిసొచ్చింది. డాక్టరమ్మ లెక్కలో అక్క స్టాఫ్, బల్ల తయారు చేసేకి లోపలికొచ్చింది. మా లెక్కలో అక్క పేషెంటు, చూపించుకునేకి లోపలికి పోయింది. ఒకరినొకరు అడిగింది లేదు. నెలనెలా లైన్లో అందరికంటే ముందర నిలబడిన మనిషిని మేమందరం కలిసి చూడకుండా ఇడిసిపెట్టినాం.

మరుసటి దినం పొద్దున్నే అక్క స్టవ్వు మీద సిరంజీలు ఉడకబెడతాంది. అప్పుడంతా గాజు సిరంజీలు. నేను వాకిలి మూసి, నేరుగా అడిగినా. అక్కా, నిన్ను డాక్టరమ్మ చూసిందా లేదా? ఆమె నాపక్క తిరగలే. చిమటాతో ఒక్కొక్క సిరంజీ తీసి గుడ్డ మీద పెడతానే ఉండె. కడాకు స్టవ్వు ఆర్పి, నా చెయ్యి పట్టుకోని, రవిక మీదనే తన ఎడమ రొమ్ము కింద పెట్టుకునింది.

శనక్కాయ గింజంత అని ఊరంతా చెప్పేది మేమే. నా వేళ్ళకు తగిలింది గింజ కాదు, తొక్కతో ఉండే కాయ. కదల్లే. అంటుకుపోయుండాది. ఆమె ముఖం చూసేకి నాకు ధైర్యం చాల్లే, ఆ చల్లారే నీళ్ళనే చూస్తా నిలబడినా.

ఎప్పట్నుంచి అని అడిగినా. మగ్గాలామెను బెంగుళూరు పిల్చుకపోయినప్పట్నుంచి అనింది. ఆ ఆపరేషన్ గది బయట కూర్చున్నప్పుడు భయమేసి తడుముకునిందంట, అప్పుడే తగిలిందంట. అంతవరకు క్యాంపులో పరదా లోపలికి పోయేది వట్టి వేషమే, ఏమీ లేదు గదా అని. తగిలినాక ఆ వేషమే మెడకు చుట్టుకునింది.

నేను అరిచినా. నిజంగా అరిచినా. ఇంతమందిని పండబెడతావు, నువ్వు ఎందుకు పండుకోవు, ఏం మాయరోగం నీకు అని. ఆమె నాకు ఎదురు అరిస్తే బాగుండె. అరవలే. కూర్చోని, శానా అలసిపోయిన గొంతుతో చెప్పింది.

"నేనిప్పుడు పండుకుంటే బయటికొచ్చి ఏం చెప్పల్ల? నెలనెలా చూపిచ్చుకునే సిస్టరమ్మకే రాచపుండు వచ్చిందంట, చూపిచ్చుకోని ఏం లాభం అంటారు. చూపిచ్చుకోలేదని చెప్తే, దీని మాటలన్నీ దొంగమాటలే అంటారు. ఏది చెప్పినా ఒక్కరు గూడా మళ్ళా లైన్లోకి రారు."

ఇంకొక డాక్టరు కాడికి పోదాం పా, యాడికైనా సరే అన్నా. మా డాక్టరు సారుకు చెప్పేది ఆమె చేత కాదు, నాకు తెలుసు. అనంతపురం పోతే ఆడుండే నర్సులందరూ ఆమెతో ట్రైనింగు చేసినోళ్ళే. బెంగుళూరు పోతే సెలవు చీటీలో కారణం రాయాల. ఏ దిక్కు పోయినా మా మనుషులే. ఊర్లో ఆడోళ్ళకు ఒక మొగునితోనే సిగ్గు, మాకు డిపార్టుమెంటంతా మొగుడే. ఎవురికీ చెప్పొద్దు, చూద్దాంలే, ఈ ఎండలు పోనీ అనింది. ఎండలు మా సీమలో ఎప్పుడు పోయినాయి?

నేను చెప్పేసినా. ఆ మాపటేలకే మగ్గాలామె ఇంటికి పోయి అంతా చెప్పేసినా. ఈ పొద్దుకూ దానికి బాధపడలే. ఆమె రాట్నం కాడ కూర్చోని కండెలు చుడతానే వినింది. ఒక్క చుక్క కన్నీళ్ళు పెట్టుకోలే. దారం తెగితే ముడేసి, క్యాంపు నాడు చూద్దాంలే పొమ్మనింది. అంతే. నాకు చిర్రెత్తింది, ఇంత చెప్తే ఇదేనా జవాబు అని.

క్యాంపు దినం ఎండ నిప్పులు చెరుగుతాంది. వరండా నీడలో ఆడోళ్ళు వరసగా కూర్చునుండారు. డాక్టరమ్మ జీపు దిగి లోపలికి పోయింది. దుప్పటి కట్టినాం. అక్క ఎప్పట్లాగే ట్రే పట్టుకోని, అందరూ చూస్తాండంగా వాకిలి కాడికి వచ్చింది. మగ్గాలామె గడపకు అడ్డంగా కాళ్ళు చాపుకోని కూర్చునుండాది.

లెయ్యమ్మా దారికి అనింది అక్క. ఆమె లెయ్యలే. అక్క గొంతు పెంచింది. అప్పుడు మగ్గాలామె లేసి నిలబడి, అక్క చేతిలో ట్రే తీసి నా చేతికిచ్చింది.

"ఆ పొద్దు నా తలకాడ నువ్వు నిలబడితివి, నేను పండుకుంటి. ఈ పొద్దు నేను నిలబడతా, నువ్వు పండుకో. ట్రే పట్టుకోని కాదు సిస్టరమ్మా. లైన్లో రా."

అక్క ముఖం నల్లగా అయిపోయింది. కొడతాదేమో అనుకున్నా. నన్ను చూసింది, నేనే చెప్పినానని ఆ చూపుకు తెలిసిపోయింది. నేను కండ్లు దించలే. లోపల్నుంచి డాక్టరమ్మ, ఏమయిందమ్మా, పంపించండి అని పిలుస్తాంది. అక్క కొంగు భుజం మీదికి లాక్కోని, వరస కొసకు నడిచిపోయి, కడగా కూర్చునుండే ముసలామె ఎనకాల నిలబడింది. అన్ని ఏండ్లల్లో మా స్టాఫ్‌లో ఒక మనిషి లైన్లో నిలబడేది నేను చూసింది అదే మొదలు.

ఆ ముసలామె తిరిగి చూసి, నువ్వు ముందుకు పో తల్లీ, నాకేం తొందర అనింది. ఆమె ముందర ఉండేటోళ్ళూ జరిగినారు. లైనే ఆమెను ముందుకు తోసుకుంటా వచ్చి గడప కాడ నిలబెట్టింది. మగ్గాలామె ఆమె చెయ్యి పట్టుకోని పరదా లోపలికి పోయింది.

శానాసేపు అయింది. మామూలుగా లోపల్నుంచి డాక్టరమ్మ మాటలు వినపడతాయి, ఎంతమంది పిల్లలమ్మా, పాలిచ్చినావా అని. ఆ పొద్దు ఏమీ వినపడలే. నేను ట్రే పట్టుకోని చెమటలు కారుతా నిలబడినా. పరదా లోపల కుర్చీ జరిగిన చప్పుడయింది. తర్వాత అక్క బయటికొచ్చింది. హుక్కులు పెట్టుకుంటానే వచ్చింది, ఎప్పట్లాగే.

అందరూ ఆమె నోటిపక్కే చూస్తాండారు. ముసలామె అడిగింది, ఏమన్నారు తల్లీ అని.

"ఉండాది" అనింది అక్క. "గడ్డ ఉండాది. ఇన్నాళ్ళూ నేను చూపిచ్చుకోలే. ఈ పొద్దే చూపిచ్చుకుంటి."

అంతే చెప్పి మెట్టు మీద కూలబడింది. ఇంక అయిపోయిందిలే, అక్క భయపడిందే జరుగుతాది, అందరూ లేసి పోతారు అనుకున్నా. ఇద్దరు ముగ్గురు లేసిపోయినారు గూడా. తక్కినోళ్ళు కదల్లే. వాళ్ళల్లో వాళ్ళు గుసగుసలు పోయినారు. కడాకు ముసలామె చేతులు నేలకానించి లేసి, "అయితే చూస్తే దొరుకుతాదన్న మాట. నేనేమో అందరికీ ఏమీ లేదు, ఏమీ లేదు అని పంపిస్తారనుకుంటి" అంటా లోపలికి పోయింది. ఆమె ఎనకాల ఇంకొకామె లేసింది. ఆ పొద్దు క్యాంపు పొద్దుగూకే దాకా జరిగింది. ఇన్నాళ్ళూ ఏ మాట లైనును నిలబెట్టిందని అక్క అనుకునిందో, ఆ మాటను వాళ్ళు సగం నమ్మలేదు. మాకెవురికీ అది తట్టనే లేదు.

క్యాంపు అయినాక డాక్టరమ్మ వరండాలో కూర్చోని, నెలనెలా నా పక్కనే ఉండె గదా, నా పక్కనే ఉండె అని ఒకటే మాట అంటాంది. మా డాక్టరు సారేమో, ముందే చెప్పింటే సరిపోయేది గదా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ముందే ఎట్ల చెప్పాల సార్, వరండాలో ట్రే పట్టుకోని నిలబడుకునా అని అడిగినా. ఆయన తల వంచుకోని గదిలోకి పోయినాడు. మంచాయనే, పాపం. ఆయనకు ఎవురు నేర్పినారు?

ఇంకొక సంగతి ఇప్పుడే చెప్పేస్తా, లేకుంటే మీరు ఆశపెట్టుకోని కూర్చుంటారు. అక్క శానా కాలం బతకలే. బెంగుళూర్లో రొమ్ము తీసేసినారు, కరెంటు పెట్టినారు, అదే రేడియేషను. తిరిగొచ్చి డ్యూటీలో చేరింది. ఎడమ చెయ్యి వాచిపోయి సూదుల పెట్టె మొయ్యలేకపోతే నేను మోస్తాంటి. క్యాంపు నాడు వాకిట్లో మగ్గాలామె పక్కన స్టూలేసుకోని కూర్చునేది. తర్వాత ఎముకల్లోకి పోయింది. గుత్తిలో వాళ్ళ నాయన సమాధి పక్కనే పెట్టినారు. ఒక ఏడాది ముందర పండుకునుంటే ఏమయ్యేదో, డాక్టరమ్మను అడిగితే చెప్పేది. నేను అడగలే.

నేను చెప్పాలనుకునింది అది కాదు. ఆమె బెంగుళూర్లో ఉండంగా జరిగింది.

ఆపరేషన్ అయినాక మొదటిసారి చూసేకి పోయినప్పుడు, టిఫన్ డబ్బాలో సంగటి, ఊరుబిండి తీసుకపోయినా. ఆడ పెట్టే అన్నం నోట్లో పెట్టుకోలేకుండాను, రాగి ముద్ద తినాలనిపిస్తాంది అని కబురంపింది. పెద్దరోడ్డు మీద బస్సు పట్టుకోని, దారంతా నిలబడే పోయినా. డబ్బా మూత తీసి ముద్ద చేసినా. ఆమె నోరు తెరవలే. నా ముఖమే చూస్తా అడిగింది.

"నువ్వు పండుకుంటివా?"

లేదక్కా అన్నా. క్యాంపు పనిలో తీరలేదు, వచ్చే నెల చూస్తాలే అన్నా. ఆమె బాగుండే చేత్తో నా చేతిని పక్కకు తోసి, డబ్బాకు మూత పెట్టింది. పండుకోని రా, అప్పుడు తింటా అని గోడపక్క తిరిగిపోయింది. నేను ఎంత బతిమలాడినా తిరగలే. ఇంత దూరమొస్తే ఇదేమి పంతమక్కా అని కోప్పడినా. ఏడిస్తి గూడా. ఆ సంగటి పక్క మంచంలో ఉండే ఆమెకు పెట్టి, ఖాళీ డబ్బాతో బస్సెక్కినా.

ఆ వచ్చిన క్యాంపులో నేను పండుకుంటి. చెప్పేకి ఒక మాటే గాని, ఆ బల్ల ఎక్కేకి నాకు కాళ్ళు రాలే. ఆ బల్ల మీద దుప్పటి పరిచింది నేనే, ఎంతమందినో దాని మీదికి ఎక్కించింది నేనే. పైన కప్పులో గూడు కట్టిన సాలెపురుగును చూస్తా పండుకున్నా. పండుకుంటే తప్ప అది కనపడదు. డాక్టరమ్మ చేతులు చల్లగా ఉండాయి. ఇంతమంది ఆడోళ్ళు ఇంత భయాన్ని మింగుకోని నా మాట మీద ఈ బల్ల ఎక్కినారా అని అప్పుడు తెలిసింది. ఏమీ లేదమ్మా, లెయ్యి అనింది డాక్టరమ్మ.

హుక్కులు పెట్టుకుంటా బయటికొస్తి. వాకిట్లో మగ్గాలామె అడిగింది, ఏమన్నారు అని. ఏమీ లేదు అన్నా. ఆమె నన్ను ఒక చూపు చూసింది. నేను కొంగు సర్దుకునేలోపలే లేసి, పరదా ఎత్తి లోపలికి పోయి, ఈమెను చూసినావా డాక్టరమ్మా, నిజంగా చూసినావా అని అడిగింది. చూసినానమ్మా, ఏమీ లేదు అని డాక్టరమ్మ చెప్పినాకే బయటికొచ్చి కూర్చునింది. అప్పట్నుంచి మా సెంటర్లో అదే పద్ధతి. కాంపౌండరు పెండ్లాం గాని, ఊడ్చే ఆయమ్మ గాని, కొత్తగా వచ్చిన నర్సు పిల్ల గాని, స్టాఫ్ ఎవురు చెప్పినా మగ్గాలామె నమ్మలే. లోపలికి పోయి అడిగొచ్చేది.

మళ్ళా సంగటి కెలికి, బెంగుళూరు బస్సెక్కినా. అక్క అప్పటికి శానా చిక్కిపోయుండె, కరెంటు పెట్టిన కాడ తోలు నల్లబడుండె. డబ్బా మూత తీస్తా, పండుకుంటినక్కా, ఏమీ లేదంట అన్నా. ఆమె డబ్బా పక్క చూడలే.

"ఎవురు చెప్పినారు, నువ్వా డాక్టరమ్మా?" అనింది.

డాక్టరమ్మే అక్కా అన్నా. ఆమె కండ్లు ఇంకా నా మీదనే ఉండాయి. ఆ మాట చెప్తాండేది నేనే గదా, నేను స్టాఫ్ గదా. అప్పుడు మగ్గాలామె పరదా ఎత్తుకోని పోయి అడిగొచ్చింది చెప్పినా. అక్క నగింది. నగితే కోసిన కాడ లాగి నొప్పి పుడతాంటే, చేత్తో అదుముకోని మరీ నగింది. కండ్లల్లో నీళ్ళొచ్చినాయి, నగినందుకో నొప్పికో నాకు తెలీలే.

అయితే సరే అని నోరు తెరిచింది. నేను ముద్ద చేసి పెట్టినా.